ఇంజిన్ హీటెక్కుతుంటే బానెట్ కోయించాలా, ఫ్యాన్ మార్చాలా? గోదావరి జిల్లాల స్పోర్ట్స్ కార్లకు పోలిక

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు ఇప్పుడు మస్టాంగులు, పోర్షేలు, ట్యూనింగ్ చేయించిన పోలోలు కనబడటం వింతేమీ కాదు. ఎండలు ముదిరేసరికి వీటి ఓనర్లందరిదీ ఒకటే టెన్షన్. ఇంజిన్ హీటెక్కుతోంది, ఏం చేయించాలి? గ్యారేజీకొక మాట చెబుతారు. ఒకాయన బానెట్‌కు వెంట్లు (వేడిగాలి పోయే రంధ్రాలు) కోయమంటాడు, ఇంకొకాయన పెద్ద రేడియేటర్ తెప్పించమంటాడు. మూడో ఆయన మరీ తేలిగ్గా, "ఇంజిన్‌కి ఊపిరాడాలండీ, బానెట్ వెనక కీళ్ల కింద రెండు వాషర్లు పడేయండి, సరిపోద్ది" అంటాడు.

ముగ్గురూ ఒక్క ప్రశ్న మాత్రం అడగరు: ఏ వేగంలో హీటెక్కుతోంది? మిగతా లెక్కంతా దాని మీదే ఉంటుంది.

ముందుగా చూడాల్సినవి

డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లును నమ్ముకోకండి. చాలా కార్లలో అది మధ్యలో కదలకుండా ఉండేలా కంపెనీవాళ్లే సర్దుతారు. కూలెంట్ 85 డిగ్రీలున్నా 100 ఉన్నా ముల్లు అక్కడే ఉంటుంది. అది లేచిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఓబీడీ పోర్టుకు, అంటే కారు కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్‌కు, తగిలించే చిన్న స్కానర్ కొని ఫోన్లో అసలు అంకె చూడండి. మధ్యాహ్నం పూట ఏసీ వేసుకుని, ఆగి ఉన్నప్పుడు ఎంత, ధవళేశ్వరం బ్యారేజీ మీద పాకుతున్నప్పుడు ఎంత, తణుకు నుంచి సిద్ధాంతం వంతెన దాకా 90లో నిలకడగా పోతున్నప్పుడు ఎంత అన్నది రాసి పెట్టుకోండి.

ఆగినప్పుడు పెరిగి, బండి కదలగానే తగ్గితే ఫ్యాన్ వైపు చూడాలి. నిదానంగా పోతున్నప్పుడు బాగానే ఉండి, హైవే ఎక్కాక మెల్లగా పెరుగుతూ పోతే గాలి లోపలికి వచ్చే దారో బయటికి పోయే దారో సరిగా లేదు. రెండు చోట్లా పెరుగుతుంటే మాత్రం ఇప్పుడే బాడీ జోలికి పోవద్దు. కూలెంట్ తగ్గిందా, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుంటోందా, వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్ బాగున్నాయా అన్నవి ముందు తేల్చుకోవాలి. రేడియేటర్ మూతనూ చూడండి. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపిన మిశ్రమం మామూలుగా 108 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత 1.1 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే అది 130కి దగ్గరగా పోతుంది. మూతలో రబ్బరు వాషర్ పోతే ఆ ఇరవై డిగ్రీల వెసులుబాటూ పోయినట్టే. ఇక బోరు నీళ్లు అసలు పోయకండి. తీరం వైపు ఊళ్లలో ఆ నీళ్లలోని ఉప్పు రేడియేటర్‌ను లోపలి నుంచి తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఖరీదెంతని!

డెల్టాలో ఇంకొకటి ఉంది. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఎగిరే పొట్టు, రైస్ మిల్లుల ఊక బూడిద, రాత్రిపూట చెరువుల దగ్గర లైట్ల చుట్టూ మూగే పురుగులు, అన్నీ వచ్చి ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్యనున్న వేలెడు సందులో చేరతాయి. ముందు నుంచి టార్చి వేసి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనబడుతుంది. పై క్లిప్పులు ఊడదీసి రేడియేటర్‌ను కాస్త వెనక్కి వంచినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. కింది మూలన తడిసి గట్టిపడిన పొట్టు, అందులో రెక్కలూడిన పురుగులు, ఫిన్ల (రేడియేటర్ సన్న రేకుల) మధ్య ఎండిన బురద. ఇంజిన్ వైపు నుంచి ముందుకు సన్నటి ధారతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొడితే ఫిన్లు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. పురుగుల భయంతో గ్రిల్‌కు దోమతెర బిగించేవాళ్లున్నారు. పురుగులు ఆగుతాయి, వాటితోపాటు గాలీ ఆగుతుంది. అడ్డం కావాలంటే పెద్ద కళ్ల మెష్ వేయించండి.

ఇవన్నీ చూశాక కూడా హీటెక్కుతుంటేనే కింది పోలిక మీకు పనికొస్తుంది.

గాలి ఎందుకు కదులుతుంది

ముందు రంధ్రం ఎంత పెద్దదైతే అంత గాలి లోపలికి పోతుందని చాలామంది అనుకుంటారు. కాలువ వైపు తూము ఎంత పెద్దది పెట్టినా, అవతల మురుగు కోడు పూడిపోయి ఉంటే చేలో నీరు కదలదు. రేడియేటర్ సంగతీ అంతే. దాని ముందు ఒత్తిడికీ వెనక ఒత్తిడికీ ఉన్న తేడాయే గాలిని నడుపుతుంది. ముందు ఒత్తిడి పెంచడానికి కారు వేగమే హద్దు. వెనక ఒత్తిడి తగ్గించడంలోనే మన చేతిపని ఉంటుంది. కారు ఒంటి మీద అల్పపీడనం ఎక్కడ పుడుతుందో అక్కడికి వేడిగాలికి దారి ఇస్తే ఆ పీడనమే గాలిని లాగుతుంది.

కారు ముక్కు మీద గాలి గరిష్ఠంగా ఎంత ఒత్తిడి పెడుతుందో లెక్క వేస్తే మన ఎండల్లో సుమారుగా ఇలా వస్తుంది:

| వేగం (గంటకు కి.మీ.) | ఒత్తిడి (పాస్కల్) | నీటి మట్టంలో తేడా (మి.మీ.) |
|---|---|---|
| 20 | 18 | 2 |
| 40 | 71 | 7 |
| 60 | 160 | 16 |
| 80 | 284 | 29 |
| 100 | 444 | 45 |

వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది. తిరగేసి చూస్తే మన గొడవ అర్థమవుతుంది. కాలువ గట్టు రోడ్డు మీద ట్రాక్టర్ వెనక 20లో పోతున్నప్పుడు అక్కడ ఉన్నది రెండు మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి. దానితో ఏ వెంటూ, ఏ డక్టూ (గాలికి దారి చూపే గొట్టం) పెద్దగా చేసేదేం ఉండదు.

పట్టికలో మూడో నిలువు వరుస ఊరికే ఇవ్వలేదు. తాపీ మేస్త్రీల దగ్గరుండే లెవెల్ పైపు ఒక్కటుంటే ఈ ఒత్తిడిని మీరే కొలుచుకోవచ్చు. పారదర్శకమైన సన్న పైపులో కాస్త రంగు కలిపిన నీళ్లు పోసి, మధ్య భాగాన్ని గుర్రపు లాడం ఆకారంలో ఒక అట్టకు టేపు వేసి కారు లోపల పెట్టండి. ఒక కొస రేడియేటర్ ముందుకూ, ఇంకో కొస వెనక్కూ తీసుకెళ్లి, గాలి నేరుగా మూతిలోకి కొట్టకుండా పక్కకు తిప్పి కట్టాలి. వేడి తగిలేచోట, ఫ్యాన్ రెక్కలకు అందేచోట పైపు పోనివ్వకండి. బండి నడుస్తుంటే రెండు వైపులా నీటి మట్టాల తేడాయే మీ రేడియేటర్‌కు దక్కుతున్న ఒత్తిడి. ఒక్కో మిల్లీమీటరు దాదాపు పది పాస్కల్. నడిపేవాళ్లు రోడ్డు చూడాలి, పక్కన కూర్చున్నవాళ్లు అట్ట చూడాలి. ఏ మార్పు చేయించినా అదే రోడ్డు మీద, అదే వేగంలో ఈ తేడా పెరగాలి. పెరగలేదంటే ఆ డబ్బు అలంకారానికి పోయినట్టే.

సందులు మూయించడం

గ్రిల్ లోంచి వచ్చిన గాలికి రేడియేటర్ ఫిన్లలోంచి దూరడం కష్టం, పక్క సందులోంచి పోవడం సుఖం. సుఖమున్న దారినే పోతుంది. బంపర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పైన, పక్కల, కింద ఉన్న ఖాళీలను అల్యూమినియం రేకుతో గానీ, బోర్డులు చేసేవాళ్ల దగ్గర దొరికే ఏసీపీ షీటుతో గానీ మూసి, అంచులకు నీరు పీల్చని ఫోమ్ పట్టీ అంటించడమే ఈ పని. ఒకసారి బంపర్ మార్పించిన కార్లలో కంపెనీ ఇచ్చిన పక్క డక్టులు తిరిగి బిగించకుండా వదిలేయడం మామూలే. ముందు అవి ఉన్నాయో లేదో చూడండి.

దీనికి ఇంకో లాభముంది. బండి ఆగి ఉన్నప్పుడు రేడియేటర్ వెనక నుంచి వచ్చిన వేడిగాలి అవే సందుల్లోంచి చుట్టూ తిరిగి మళ్లీ ముందుకొస్తుంది. అంటే ఫ్యాన్ వేడిగాలినే మళ్లీ లాగుతుంటుంది. సందులు మూస్తే అదీ ఆగుతుంది. నిదానంలోనూ, వేగంలోనూ చెప్పుకోదగ్గంతగా పనిచేసేది ఈ జాబితాలో ఇదొక్కటే. వందల రూపాయల్లో మొదలవుతుంది, వద్దనుకుంటే పీకేయొచ్చు. ఎవరు ఏ కారు తెచ్చినా ముందు ఇదే చేయించమంటాను.

ఫ్యాన్, ష్రౌడ్

ఫ్యాన్ చేసేదీ అదే పని, రేడియేటర్ వెనక అల్పపీడనం పుట్టించడం. తేడా ఏమిటంటే దానికి కారు కదలనక్కర్లేదు. మంచి ష్రౌడ్‌లో, అంటే రేడియేటర్ వెనక బిగించే తొడుగులో, కూర్చున్న ఫ్యాన్ వంద పాస్కల్ పైనే లాగగలదు. పై పట్టిక చూస్తే అది 50 దగ్గరి వేగంతో సమానం. సంక్రాంతికి భీమవరం ట్రాఫిక్‌లోనూ, రైల్వే గేటు దగ్గరా మిమ్మల్ని కాపాడేది ఇదే, బానెట్ వెంట్లు కాదు.

ష్రౌడ్ లేకుండా జిప్ టైలతో నేరుగా రేడియేటర్‌కు కట్టేసిన ఫ్యాన్ తన రెక్కలు తిరిగే మేరే లాగుతుంది, మిగతా ఫిన్లు ఖాళీగా ఉంటాయి. ష్రౌడ్ మొత్తం ముఖాన్ని కప్పాలి. అయితే వేగం పెరిగాక ఆ ష్రౌడే గాలికి అడ్డమవుతుంది. అందుకే మంచివాటికి రబ్బరు తలుపులు ఉంటాయి, నిదానంలో మూసుకుని, వేగంలో గాలి తోపుకు తెరుచుకుంటాయి. ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి లాగడం మేలు. పెద్ద ఫ్యాన్లు 20, 30 ఆంపియర్లు తాగుతాయి కాబట్టి వేరే రిలే, లావు వైరు, ఫ్యూజు తప్పనిసరి.

ఫ్యాన్‌తో అల్పపీడనం పుట్టించడాన్ని చివరిదాకా తీసుకెళ్లినవాళ్లు రేసింగ్‌వాళ్లే. 1978లో స్వీడన్‌లోని ఆండర్‌స్టోర్ప్ ట్రాక్‌పై రేసర్ నికీ లౌడా గెలిచిన బ్రాబమ్ బీటీ46బీ ఫార్ములా వన్ కారు వెనక పెద్ద ఫ్యాన్ ఉండేది. ఇంజిన్ మీద పడుకోబెట్టిన రేడియేటర్‌ను చల్లబరచడానికేనని టీమ్ వాదన. అదే ఫ్యాన్ కారు కింది గాలిని కూడా పీల్చేసి బండిని నేలకు అతికించేది. ఆ ఒక్క రేసు తర్వాత ఛాంపియన్‌షిప్‌లో అది మళ్లీ పరుగెత్తలేదు.

బానెట్ వెంట్లు

చూడ్డానికి అందంగా ఉండేవీ, ఎక్కువమంది తప్పుచోట కోయించుకునేవీ ఇవే.

గాలి ముక్కు దగ్గర పైకి తిరిగి బానెట్ ముందు అంచు దాటే చోట వేగం పెరుగుతుంది, అక్కడ అల్పపీడనం ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ అది తగ్గిపోతుంది. అద్దం మొదట్లో, వైపర్ల దగ్గర గాలి మళ్లీ గుద్దుకుని ఒత్తిడి పెరుగుతుంది. అమెరికాలో నాస్కార్ రేసు కార్లు ఇంజిన్ పీల్చే గాలిని ఏళ్ల తరబడి ఈ అద్దం మొదటి నుంచే తీసుకున్నాయంటే అక్కడ ఒత్తిడి ఎంత నమ్మకంగా ఉంటుందో చూడండి. వాషర్లు వేసి బానెట్ వెనక భాగం ఎత్తడం ఎందుకు పనికిరాదో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. ఆగి ఉన్నప్పుడు కాస్త ఆవిరి పోతుంది, నిజమే. వేగంలో అక్కడినుంచి గాలి లోపలికే దూరి రేడియేటర్ వెనక ఒత్తిడి పెంచుతుంది. పైగా ఏసీకి బయటి గాలి వచ్చేదీ ఆ పక్కనుంచే, ఇంజిన్ వాసనంతా క్యాబిన్‌లోకి వస్తుంది. ఈ సలహా ఇచ్చినవాళ్లకు ఒక టీ ఇప్పించి పంపించేయండి.

వెంటు ఉండాల్సింది రేడియేటర్ వెనకే, బానెట్ ముందు సగంలో. ఎక్కడన్నది ఊహించకుండా అదే లెవెల్ పైపుతో వెతకొచ్చు. ఒక కొస బానెట్ పైన చోటు మార్చి మార్చి టేపు వేసి, ఇంకో కొస బానెట్ లోపల రేడియేటర్ వెనక ఉంచండి. పై కొస వైపు నీరు ఎక్కడ బాగా లేస్తే అక్కడ లాగుడు ఎక్కువ. ఊలు దారం ముక్కలు అంటించి చూస్తే గాలి ఎటు పోతోందో కూడా కనబడుతుంది. వెంటు ముందు అంచున చిన్న నిలువు పెదవి పెడితే దాని వెనక పీడనం ఇంకా తగ్గుతుంది. బయటి దారి కొంచెం పెద్దదే ఉండాలి. 35 డిగ్రీల గాలి రేడియేటర్ దాటి 75కు చేరితే 13 శాతం ఉబ్బుతుంది.

ఈ దారిని కంపెనీయే ఎంచుకున్న కారు చూడాలంటే 2022లో వచ్చిన పోర్షే 911 జీటీ3 ఆర్ఎస్. అంతకుముందటి జీటీ3 ఆర్ఎస్‌లో ముందు మూడు రేడియేటర్లుంటే, ఇందులో వాలుగా నిలబెట్టిన పెద్దది ఒక్కటే ఉంది. వేడిగాలి బానెట్ మీది రెండు పెద్ద రంధ్రాల్లోంచి బయటికొస్తుంది. ఆ వేడి వెనకనున్న ఇంజిన్‌లోకి పోకుండా కప్పు మీద చిన్న రెక్కలు పెట్టి గాలిని పక్కలకు తోశారు. దానికి చెల్లించుకున్నది ముందున్న డిక్కీ.

మన వైపు వచ్చే ఇబ్బంది వాన. నైరుతి వానలు, ఆపైన అక్టోబరు, నవంబరు తుఫాన్లు. ఆగి ఉన్న కారులో వెంటు కింద ఇగ్నిషన్ కాయిల్స్ గానీ, ఫ్యూజ్ బాక్సు గానీ ఉంటే నీళ్లు నేరుగా వాటి మీదే పడతాయి. కింద నీరు పట్టి పక్కకు వదిలే రేకు ట్రే ఉండాలి, పార్కింగ్‌లో కవరు ఉండాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనప మెష్ తుప్పు పడుతుంది, అల్యూమినియంది వేయించండి. బానెట్ లోపలి ఫ్రేమ్ పట్టీలను మాత్రం కోయనివ్వకండి. గుద్దుకున్నప్పుడు మడతపడాల్సిన తీరు వాటి మీదే ఆధారపడుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వాహనంలో మార్పుల గురించి చెబుతుంది. కోతకు ముందే ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్‌వాళ్ల దగ్గరా రాతపూర్వకంగా అడిగి పెట్టుకుంటే రేపు క్లెయిమ్ దగ్గర మాట పడక్కర్లేదు.

కింది దారి: ఎయిర్ డ్యామ్, అండర్ కవర్

చాలా కార్లలో వేడిగాలి బయటికి పోయేది కిందినుంచే. బంపర్ కింద వేలాడే నల్ల ప్లాస్టిక్ పట్టీ, అదే ఎయిర్ డ్యామ్, ముందునుంచి వచ్చే గాలిని కారు కిందికి పోకుండా ఆపి దాని వెనక పీడనం తగ్గిస్తుంది. ఆ పీడనమే ఇంజిన్ గదిలోంచి గాలిని కిందికి లాగుతుంది. అమెరికా స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో సీ4, సీ5 తరాలవి చల్లటి గాలిని కూడా ముక్కు కిందినుంచే తీసుకునేవి, ఆ పట్టీ ఊడిపోతే హైవే మీద హీటెక్కడం వాటిలో ఎప్పుడూ వినే ఫిర్యాదే.

మన వంతెనల ఎగుడు దిగుళ్లకూ, ఊరికి నాలుగు స్పీడ్ బ్రేకర్లకూ ముందుగా బలయ్యేది ఇదే. విరిగితే "పోతే పోనీలే, ప్లాస్టిక్కే కదా" అని వదిలేస్తారు. ఆయిల్ మార్చేటప్పుడు తీసిన అండర్ కవర్ (ఇంజిన్ కింది పలక) కూడా అలాగే గ్యారేజీ మూలన ఉండిపోతుంది. ఈ రెండూ కంపెనీవి తిరిగి పెట్టించడమే సగం మందికి చాలు. లోతు పెంచాలనుకుంటే గట్టి ఫైబర్ వద్దు, తగిలితే వంగి మళ్లీ నిలబడే రబ్బరు వేయించండి. నీళ్లు నిలిచిన కాజ్‌వేల మీద తిరిగేవాళ్లు కింద గాలి పట్టే గిన్నెల్లాంటివేవీ పెట్టించకండి.

చక్రాల గూళ్లలోంచి, ఫెండర్ పక్కనుంచి దారి ఇవ్వడం ఇంకో పద్ధతి. తిరిగే చక్రం వెనక బురద, రాళ్లు ఎగురుతాయి కాబట్టి రోడ్డు కారుకు నేను చెప్పను.

పెద్ద రేడియేటర్ గురించి ఒక్క మాట. మందం పెంచితే గాలి దూరడం ఇంకా కష్టమవుతుంది. ఒత్తిడి తేడా పెంచకుండా మందం ఒక్కటే పెంచితే డబ్బుకు తగ్గ ఫలితం రాదు.

పక్కపక్కన పెడితే

| పద్ధతి | ఆగినప్పుడు | హైవే మీద | వాన, రోడ్ల ఇబ్బంది | ఖర్చు | వెనక్కి తీసుకోవచ్చా |
|---|---|---|---|---|---|
| సందులు మూయడం | కొంత | బాగా | లేదు | వందల్లో | అవును |
| ఫ్యాన్, ష్రౌడ్ | చాలా | తలుపుల్లేకపోతే అడ్డం | లేదు | వేలల్లో | అవును |
| బానెట్ వెంట్లు | కొద్దిగా | చాలా | వాన | పదివేల పైన | కాదు |
| ఎయిర్ డ్యామ్, అండర్ కవర్ | లేదు | బాగా | స్పీడ్ బ్రేకర్లు | వేలల్లో | అవును |
| వెనక వాషర్లు | కొద్దిగా | నష్టం | వాన, వాసన | పదుల్లో | అవును, వెంటనే |

ఎవరికి ఏది

వారెంటీలో ఉన్న కారైతే శుభ్రం చేయించి, మూత, కూలెంట్ చూసి, ఊడిన ప్లాస్టిక్ ముక్కలు పెట్టించి ఆగండి. కంపెనీ బానెట్ మీద వెంట్లు ముందే ఉంటే అవి నిజంగా తెరిచి ఉన్నాయో, ఉత్త డమ్మీలో లోపలినుంచి చూడండి.

ట్యూన్ చేయించిన టర్బో హ్యాచ్‌బ్యాక్‌లో ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది), కండెన్సర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, చివరిదానికి చేరేసరికి గాలి వేడెక్కిపోతుంది. అక్కడ సందులు మూయడం, ఆపైన మంచి ష్రౌడ్. ఈ రెండూ అయ్యాక చాలామందికి ఇంకేమీ అక్కర్లేదు.

పోర్షే 718 లాంటి మధ్య ఇంజిన్ కారులో రేడియేటర్లు ముందు మూలల్లో ఉంటాయి. బంపర్ రంధ్రాల్లోంచి పోయిన ఎండుటాకులు, పొట్టు అక్కడే నిలుస్తాయి. ఏడాదికి రెండుసార్లు, కోతలయ్యాక తీయించండి. మిగతా గాలి దారుల లెక్క కంపెనీకే వదిలేయడం నయం.

పెద్ద వీ8 కారుతో ఎక్కువగా హైవే మీదే తిరిగేవాళ్లు ఎయిర్ డ్యామ్, అండర్ కవర్ దగ్గర మొదలుపెట్టాలి. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు గరిష్ఠ వేగం 100. ఆ వేగానికి ముక్కు మీద 444 పాస్కల్ ఉంటుంది, దాన్ని సరిగా వాడుకుంటే బానెట్ కోత దాకా రాదు.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోటై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో బండి తీసుకెళ్లి ల్యాప్ మీద ల్యాప్ కొట్టేవాళ్లది వేరే కథ. బానెట్ వెంట్లు వాళ్లకు తగినవి. అయినా మీ బానెట్ కోయకండి, సెకండ్ హ్యాండ్‌లో ఇంకొకటి దొరికితే తెచ్చి దాన్ని కోయించండి. కంపెనీది దుప్పటి చుట్టి అటక మీద పెట్టుకోండి, కారు అమ్మేరోజున కొనేవాళ్లు మొదట అడిగేది దాన్నే.